హైస్కూలు తరువాత వాటర్‌పోలో: అమెరికా కళాశాలల్లో స్కాలర్‌షిప్పులు, అసలు అవకాశాలు

మీ బంధువులెవరైనా అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో స్థిరపడి ఉంటే, ఫోనులో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మాట విని ఉంటారు: "మా అమ్మాయి బడిలో వాటర్‌పోలో ఆడుతోంది. బాగా ఆడితే కాలేజీ ఫీజంతా వాళ్లే కడతారట!" ఈ మాటలో కొంత నిజం ఉంది, చాలా ఆశ ఉంది. నిజమెంతో ఆశెంతో విడదీసి చూపడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇది ఒక్క ఆటకు సంబంధించిన సమాచారం మాత్రమే అనుకోకండి. క్రీడను ఆధారం చేసుకుని చదువుకోవాలనుకునే ప్రతి విద్యార్థీ, ఆ విద్యార్థి తల్లిదండ్రులూ వేసుకోవలసిన లెక్క ఇందులో ఉంది. ఆ లెక్క తెలియక ఏళ్ల తరబడి డబ్బు, సమయం ఖర్చుపెట్టి చివరికి నిరాశపడిన కుటుంబాలు ఉంటాయి. తెలిసి ఆడిన పిల్లలు ఆటనూ చదువునూ రెండింటినీ నిలుపుకుంటారు.

ఏమిటీ ఆట?

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. వాటర్‌పోలో నీటిలో ఆడే బంతి ఆట. ఒక్కో జట్టు నుంచి గోల్‌కీపరుతో కలిపి ఏడుగురు నీటిలో ఉంటారు. కళాశాల పోటీల్లో ఆట నాలుగు భాగాలుగా, ఒక్కో భాగం ఎనిమిది నిమిషాలుగా సాగుతుంది. గోల్‌కీపరు తప్ప మిగిలినవారు బంతిని ఒంటిచేత్తోనే పట్టాలి, విసరాలి. కొలను అడుగున కాళ్లు ఆనించి ఆడకూడదు. అంటే ఆట సాగినంతసేపూ నీటిపై తేలుతూనే ఉండాలి. అందుకోసం ఆటగాళ్లు రెండు కాళ్లనూ మోకాళ్ల దగ్గర వంచి, ఒకదాని తరువాత ఒకటిగా, కవ్వం తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతారు. దీనిని ఎగ్‌బీటర్ కిక్ అంటారు. ఇది పట్టుబడడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది.

ఈ ఆట 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. 1900 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. మహిళల వాటర్‌పోలో మాత్రం 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తోనే మొదలైంది. అమెరికాలో కళాశాల క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. అది 1969 నుంచి పురుషులకు, 2001 నుంచి మహిళలకు జాతీయ ఛాంపియన్‌షిప్ నిర్వహిస్తోంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 1969 నుంచి 2024 వరకు పురుషుల ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్లన్నీ కాలిఫోర్నియా రాష్ట్రానివే. మహిళల్లో 2001 నుంచి 2024 వరకు టైటిల్ గెలిచినవి మూడే విశ్వవిద్యాలయాలు: యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ. ఇవి మూడూ కాలిఫోర్నియాలోనే ఉన్నాయి. అంటే ఇది దేశమంతటా సమానంగా పరచుకున్న ఆట కాదు. ఏడాది పొడుగునా ఎండ, చాలా హైస్కూళ్లకు దగ్గరలో ఈతకొలను ఉన్న ఒక రాష్ట్రంలో వేళ్లూనుకున్న ఆట. ఈ భౌగోళిక పరిస్థితి అవకాశాలపై ఎలా ప్రభావం చూపుతుందో ముందు ముందు చూద్దాం.

ఎంతమంది ఆడుతున్నారు? ఎన్ని చోట్లున్నాయి?

అమెరికా హైస్కూళ్లలో వాటర్‌పోలో ఆడే అబ్బాయిలు సుమారు ఇరవై వేలకు పైబడి ఉంటారు. అమ్మాయిల సంఖ్య కూడా దాదాపు అంతే. ఇక కళాశాలల వైపు చూడండి. ఎన్‌సీఏఏలో వెయ్యికి పైగా కళాశాలలు సభ్యులుగా ఉన్నాయి. వాటిలో పురుషుల వాటర్‌పోలో జట్టు ఉన్నవి మూడు విభాగాలూ కలిపి సుమారు యాభై మాత్రమే. మహిళల జట్లు ఉన్నవి అరవై పైచిలుకు. అన్ని జట్లలోని ఆటగాళ్లందరినీ కలిపినా పురుషులు వెయ్యికి కాస్త పైన, మహిళలు అంతకన్నా కొద్దిగా ఎక్కువ.

ఇప్పుడు భాగించి చూడండి. హైస్కూల్లో ఆడేవారు వందమంది ఉంటే, వారిలో కళాశాల జట్టులో ఆడగలిగేది సుమారు ఐదుగురు. ఇది మూడు విభాగాలకూ కలిపి వేసిన లెక్క. పై విభాగంలో మాత్రమే ఆడాలంటే ఈ సంఖ్య ఇంకా తగ్గుతుంది. పైగా ఆ ఐదుగురిలోనూ స్కాలర్‌షిప్పు దొరికేది కొందరికే. ఈ పోటీలోకి యూరప్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఆటగాళ్లు కూడా ఉంటారు. హంగరీ, సెర్బియా, గ్రీస్ వంటి దేశాల్లో వాటర్‌పోలోకు మంచి ఆదరణ ఉంది. అక్కడ చిన్నప్పటి నుంచి క్లబ్బుల్లో శిక్షణ పొందిన కుర్రాళ్లు చదువు కోసం అమెరికా వస్తారు.

దీన్ని చూసి నిరుత్సాహపడనవసరం లేదు. వందలో ఐదు అంటే చాలా ఇతర ఆటలతో పోల్చితే మరీ తక్కువేమీ కాదు. కానీ "ఆడితే చాలు, స్కాలర్‌షిప్పు వచ్చేస్తుంది" అనే నమ్మకం మాత్రం నిజం కాదని ఈ అంకె చెబుతుంది.

నాలుగున్నర స్కాలర్‌షిప్పుల లెక్క

ఇక అసలు విషయానికి వద్దాం. చాలాకాలం పాటు ఎన్‌సీఏఏ మొదటి విభాగంలో ఒక కళాశాల తన పురుషుల వాటర్‌పోలో జట్టుకు ఏడాదికి గరిష్ఠంగా 4.5 పూర్తి స్కాలర్‌షిప్పులతో సమానమైన సొమ్ము మాత్రమే ఇవ్వగలిగేది. మహిళల జట్టుకు 8. అదే అమెరికన్ ఫుట్‌బాల్‌కైతే పై స్థాయిలో 85 మందికి పూర్తి స్కాలర్‌షిప్పు ఇచ్చే వీలుండేది.

నాలుగున్నర అంటే ఏమిటి? సగం మనిషికి స్కాలర్‌షిప్పు ఎలా ఇస్తారు? ఇలా ఆలోచించండి. మీ ఇంట్లో నాలుగున్నర లడ్డూలు ఉన్నాయి, పిల్లలు ఇరవై మంది ఉన్నారు. నలుగురికి ఒక్కొక్క లడ్డూ ఇచ్చి ఒకరికి సగం ఇస్తే మిగిలిన పదిహేనుమంది చేతులు ఖాళీ. అలాకాక అందరికీ తలో ముక్క ఇవ్వవచ్చు. లేదా బాగా ఆడేవాడికి పెద్ద ముక్క, కొత్తవాడికి చిన్న ముక్క ఇవ్వవచ్చు. కోచ్‌లు సాధారణంగా చేసేది ఈ చివరి పనే. అందుకే వాటర్‌పోలోలో స్కాలర్‌షిప్పు అంటే చాలా సందర్భాల్లో పూర్తి ఫీజు కాదు, అందులో ఒక భాగం.

అంకెల్లో చూద్దాం. ఒక కళాశాలలో ఫీజు, వసతి, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 60,000 డాలర్లు అవుతుందని ఉదాహరణకు అనుకుందాం. 4.5 స్కాలర్‌షిప్పుల విలువ 2,70,000 డాలర్లు. దీన్ని ఇరవైమందికి సమానంగా పంచితే తలకు 13,500 డాలర్లు వస్తాయి. మిగిలిన 46,500 డాలర్లు ఆ కుటుంబమే ఏదో ఒక దారిలో సమకూర్చుకోవాలి. నాలుగేళ్లకు అది 1,86,000 డాలర్లు. మహిళల జట్టులో 8 స్కాలర్‌షిప్పులను అలాగే పంచితే తలకు 24,000 డాలర్లు. మెరుగే, కానీ పూర్తి ఖర్చు కాదు. పైగా నిబంధన చెప్పేది గరిష్ఠ పరిమితి మాత్రమే. డబ్బులేని కళాశాలలు ఆ పరిమితి మేరకు కూడా ఇవ్వకపోవచ్చు.

అమ్మాయిలకు ఎక్కువ ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్ష ఉండకూడదని ఆ చట్టం చెబుతుంది. అది క్రీడలకూ వర్తిస్తుంది. ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే పురుషుల వైపు 85 స్కాలర్‌షిప్పులు తీసుకుంటే, ఆ తూకం సరిచేయడానికి మహిళల ఆటల్లో ఎక్కువ స్కాలర్‌షిప్పులు ఇవ్వవలసి వచ్చింది. వాటర్‌పోలో వంటి ఆటల్లో అమ్మాయిలకు అవకాశాలు కొంత మెరుగ్గా ఉండడానికి ఇదొక కారణం.

2025లో వచ్చిన మార్పు

పై లెక్క 2025 వరకు అందరికీ వర్తించింది. ఆ ఏడాది జూన్‌లో హౌస్ కేసుగా పేరుపొందిన దావాలో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం ఒక రాజీ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 2025–26 విద్యాసంవత్సరం నుంచి, ఆ ఒప్పందంలో చేరిన మొదటి విభాగపు కళాశాలలకు స్కాలర్‌షిప్పుల పరిమితి తొలగిపోయింది. దాని స్థానంలో జట్టు సంఖ్యకు పరిమితి వచ్చింది. వాటర్‌పోలోలో పురుషుల జట్టుకూ మహిళల జట్టుకూ ఆ పరిమితి 24 మంది. కళాశాల తలచుకుంటే 24 మందికీ పూర్తి స్కాలర్‌షిప్పు ఇవ్వవచ్చు.

వినడానికి ఇది గొప్ప వార్తే. అయితే "ఇవ్వవచ్చు" అన్న మాటకూ "ఇస్తారు" అన్న మాటకూ చాలా దూరం ఉంది. అదే ఒప్పందం కళాశాలలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించే వీలు కూడా కల్పించింది. ఆ డబ్బులో పెద్ద వాటా టికెట్లూ టెలివిజన్ ఆదాయమూ తెచ్చే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపే వెళుతుంది. వాటర్‌పోలో అలాంటి ఆదాయం తెచ్చే ఆట కాదు. కాబట్టి కొన్ని సంపన్న కళాశాలల్లో స్కాలర్‌షిప్పులు పెరగవచ్చు, మరికొన్ని చోట్ల చిన్న ఆటల బడ్జెట్లపై ఒత్తిడి పెరగవచ్చు. సంఖ్యా పరిమితి వల్ల ఇంకో చిక్కు ఉంది. ఇదివరకు స్కాలర్‌షిప్పు లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరి, కష్టపడి పైకి వచ్చినవారు ఉండేవారు. అటువంటివారికి చోటు తగ్గుతుంది. ఒప్పందంలో చేరని కళాశాలలు పాత పరిమితుల్లోనే ఉన్నాయి. కాబట్టి మీకు తెలిసినవారు ఏ కళాశాల గురించి ఆలోచిస్తున్నా, మొదట అడగవలసిన ప్రశ్న ఆ కళాశాల ఒప్పందంలో ఉందా లేదా అన్నదే.

ఒకటి కాదు, అయిదు దారులు

హైస్కూలు తరువాత ఆడడం అంటే మొదటి విభాగంలో ఆడడమే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. దారులు అయిదున్నాయి.

మొదటిది, ఎన్‌సీఏఏ మొదటి విభాగం. స్టాన్‌ఫర్డ్, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, బర్కిలీ వంటి పెద్ద పేర్లు ఇందులో ఉంటాయి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, బ్రౌన్ కూడా ఇదే విభాగంలో ఆడతాయి. కానీ ఇవి ఐవీ లీగ్ సంస్థలు. ఐవీ లీగ్‌లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సహాయం మాత్రం ఉదారంగా ఇస్తారు.

రెండవది, రెండవ విభాగం. ఇక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు ఉంటాయి, కానీ వాటిని విద్యా స్కాలర్‌షిప్పులతో కలిపి ఇవ్వడమే మామూలు.

మూడవది, మూడవ విభాగం. ఇక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు అసలే ఉండవు. అయితే తక్కువ స్థాయి అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంజనీరింగు విద్యార్థులందరికీ తెలిసిన ఎంఐటీ, వైద్యరంగంలో పేరున్న జాన్స్ హాప్కిన్స్ ఈ విభాగంలోనే పురుషుల వాటర్‌పోలో ఆడతాయి. కాలిఫోర్నియాలో పొమోనా-పిట్జర్ వంటి జట్లు ఉన్నాయి. ఈ కళాశాలల్లో మార్కులు, కుటుంబ ఆదాయం ఆధారంగా దొరికే సహాయం కొన్నిసార్లు మొదటి విభాగంలో దొరికే చిన్న క్రీడా స్కాలర్‌షిప్పు కన్నా ఎక్కువే ఉంటుంది.

నాలుగవది, కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కళాశాలలు. ఇవి రెండేళ్ల కళాశాలలు. ఫీజు చాలా తక్కువ. వీటిలో చాలావాటికి వాటర్‌పోలో జట్లున్నాయి. రెండేళ్లు ఇక్కడ చదివి, ఆడి, ఆ తరువాత నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారవచ్చు. మార్కులు తగ్గినవారికి, శరీరం ఆలస్యంగా ఎదిగినవారికి ఇది రెండవ అవకాశం.

అయిదవది, క్లబ్బు వాటర్‌పోలో. అధికారిక జట్టు లేని విశ్వవిద్యాలయాల్లో కూడా విద్యార్థులే నడుపుకునే క్లబ్బులు చాలా చోట్ల ఉన్నాయి. చందాలు వేసుకుని కొలను అద్దెకు తీసుకుని, పోటీలకు ప్రయాణిస్తారు. కాలేజియేట్ వాటర్‌పోలో అసోసియేషన్ వీరికి ప్రత్యేక పోటీలు జరుపుతుంది. స్కాలర్‌షిప్పు ఉండదు, కానీ ఆట ఉంటుంది, స్నేహితులు ఉంటారు, చదువుకు సమయమూ మిగులుతుంది. కళాశాలలో వాటర్‌పోలో ఆడాలన్నదే కోరిక అయితే, దాన్ని తీర్చుకునే అత్యంత సులభమైన దారి ఇదే.

సొమ్ము కన్నా విలువైనది సీటు

ఇప్పుడు చాలామంది గమనించని ఒక అంశం చెబుతాను. వాటర్‌పోలో వంటి చిన్న ఆటలో విద్యార్థికి దొరికే అసలు లాభం తరచుగా డబ్బు రూపంలో ఉండదు. ప్రవేశం రూపంలో ఉంటుంది. పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీటు దొరకడం చాలా కష్టం. కోచ్ ఒక విద్యార్థిని తన జట్టుకు కావాలని ప్రవేశాల కార్యాలయానికి చెబితే, మంచి మార్కులున్న ఆ విద్యార్థి దరఖాస్తుకు బలం వస్తుంది.

ఈ విలువ ఎంతటిదో ఒక చేదు ఉదాహరణ చెబుతుంది. 2019లో అమెరికాలో కళాశాల ప్రవేశాల కుంభకోణం ఒకటి బయటపడింది. అందులో ఒక తండ్రి, వాటర్‌పోలో ఆటగాడే కాని తన కొడుక్కి ఆట దుస్తులు కొని, ఇంటి ఈతకొలనులో నిలబెట్టి ఫొటోలు తీయించి, గొప్ప ఆటగాడిగా చూపించాడు. నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. ఆ తండ్రి లంచమిచ్చి కొనాలనుకున్నది స్కాలర్‌షిప్పు కాదు, సీటు. నిజాయితీగా ఆడే పిల్లలకు ఆ సీటు విలువ తెలిసి ఉండాలి.

మంచి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. యాష్లీ జాన్సన్ ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో పెరిగిన గోల్‌కీపరు. వాటర్‌పోలోకు కంచుకోట అయిన కాలిఫోర్నియాకు ఆమె వెళ్లలేదు. క్రీడా స్కాలర్‌షిప్పులే లేని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరి, చదువుతూ ఆడింది. 2016లో రియో ఒలింపిక్స్‌లోనూ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ బంగారు పతకాలు గెలిచిన అమెరికా జట్టులో ఆమె ఉంది. అమెరికా ఒలింపిక్ వాటర్‌పోలో జట్టుకు ఎంపికైన మొదటి నల్లజాతి మహిళ ఆమే. స్కాలర్‌షిప్పు లేనంత మాత్రాన ఆట ఆగిపోదనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం అవసరం లేదు.

కోచ్ దృష్టికి ఎలా వస్తారు?

కోచ్‌లు హైస్కూలు మ్యాచ్‌ల కన్నా క్లబ్బు పోటీలకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. యూఎస్‌ఏ వాటర్‌పోలో సంస్థ ప్రతి వేసవిలో నిర్వహించే జూనియర్ ఒలింపిక్స్ వంటి పోటీలకు కళాశాల కోచ్‌లు హాజరవుతారు. కాలిఫోర్నియా పిల్లలకు ఇవి ఇంటి దగ్గరి పోటీలు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకు విమానం ఖర్చు, హోటలు ఖర్చు. మొదట చెప్పుకున్న భౌగోళిక పరిస్థితి ఇక్కడ జేబును తాకుతుంది.

నిబంధనల ప్రకారం మొదటి విభాగపు కోచ్, పదవ తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 తరువాతే విద్యార్థితో నేరుగా మాట్లాడవచ్చు. కానీ విద్యార్థి తనంతట తానుగా కోచ్‌కు ఉత్తరం రాయడానికి అడ్డేమీ లేదు. ఎత్తు, ఏ చేతివాటం, ఏ స్థానంలో ఆడతారు, ఈతలో సమయాలు, మార్కులు, నాలుగైదు నిమిషాల ఆట వీడియో: ఇవి చాలు. ఎడమచేతివాటం ఆటగాళ్లకు ఈ ఆటలో ప్రత్యేక గిరాకీ ఉంది. కొలనుకు కుడి పక్క నుంచి గోల్ వైపు బంతి విసరడానికి వారికి అనుకూలమైన కోణం దొరుకుతుంది. అటువంటివారు తక్కువమంది ఉంటారు.

ఇక అర్హత సంగతి. మొదటి విభాగంలో ఆడాలంటే హైస్కూల్లో ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రం, సామాజికశాస్త్రం వంటి 16 ముఖ్య కోర్సులు పూర్తిచేసి ఉండాలి. వాటిలో సగటు గ్రేడు నాలుగుకు కనీసం 2.3 ఉండాలి. పది కోర్సులు చివరి సంవత్సరం మొదలయ్యే ముందే పూర్తికావాలి. ఎంత గొప్పగా ఆడినా ఈ లెక్క తప్పితే కోచ్ చేయగలిగిందేమీ లేదు. పైగా ఇది కనీసం మాత్రమే. మంచి కళాశాలలు అడిగేది ఇంతకన్నా చాలా ఎక్కువ.

ఒప్పుకునే ముందు అడగవలసిన ప్రశ్నలు

కోచ్ ఫోను చేసి "మా జట్టులోకి రా" అంటే ఏ పదిహేడేళ్ల విద్యార్థికైనా సంతోషం పట్టలేనంతగా ఉంటుంది. ఆ సంతోషంలో అడగడం మరచిపోయే ప్రశ్నలే తరువాత బాధపెడతాయి. కాబట్టి ఈ నాలుగూ అడగాలి.

ఒకటి: ఈ సొమ్ము ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? చాలా స్కాలర్‌షిప్పులు ఏటా తిరిగి ఖరారు చేసేవే.

రెండు: గాయమైతే ఏమవుతుంది? వాటర్‌పోలోలో భుజం గాయాలు సాధారణం. అప్పుడూ సహాయం కొనసాగుతుందా అన్నది కాగితం మీద ఉండాలి.

మూడు: విద్యా స్కాలర్‌షిప్పునూ, కుటుంబ ఆదాయం ఆధారంగా ఇచ్చే సహాయాన్నీ దీనితో కలపవచ్చా?

నాలుగు: నేను చదవాలనుకున్న కోర్సు ప్రయోగశాల తరగతులు, జట్టు సాధన సమయాలు ఒకదానికొకటి అడ్డు వస్తాయా? పురుషుల పోటీలు సెప్టెంబరు నుంచి డిసెంబరు మొదలు వరకు, మహిళల పోటీలు జనవరి నుంచి మే వరకు జరుగుతాయి. ఆ నెలల్లో ప్రయాణాలు ఎక్కువ.

ఇంకొక ప్రశ్న ఉంది. దాన్ని కోచ్‌ను కాదు, మిమ్మల్ని మీరే అడగాలి: రేపు ఈ కళాశాలలో జట్టే లేకుండా పోతే, నేను ఇక్కడ చదువు కొనసాగిస్తానా? ఇది ఊహ కాదు. న్యూయార్క్ నగరంలోని సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీ వాటర్‌పోలో జట్టు ఒకప్పుడు దేశంలో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. ఆర్థిక ఇబ్బందులతో ఆ కళాశాల 2023లో తన క్రీడా జట్లన్నింటినీ రద్దు చేసింది. ఆట కోసమే చేరినవారు కొత్త కళాశాల వెతుక్కోవలసి వచ్చింది. చదువు నచ్చి చేరినవారి ముందు మాత్రం అక్కడే కొనసాగే దారి మిగిలింది.

మన దేశం నుంచి చూస్తే

భారతదేశానికి వాటర్‌పోలో కొత్త కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మన జట్టు బంగారు పతకం గెలిచింది. 1970లో బ్యాంకాక్‌లో వెండి పతకం, 1982లో మళ్లీ ఢిల్లీలో కాంస్య పతకం వచ్చాయి. 1948, 1952 ఒలింపిక్స్‌లో కూడా మన జట్టు ఆడింది. నేడు దేశంలో రైల్వేలు, సర్వీసెస్ జట్లు బలంగా ఉన్నాయి. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే అఖిల భారత ఈత పోటీల్లో వాటర్‌పోలో కూడా ఒక భాగం. మన హైదరాబాదులో 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో పెద్ద ఈతకొలను నిర్మించారు.

మన దగ్గర ఆడిన విద్యార్థి నేరుగా అమెరికా మొదటి విభాగంలో స్కాలర్‌షిప్పు సంపాదించడం చాలా కష్టం. హంగరీ, సెర్బియా కుర్రాళ్లతో పోటీ పడాలి. విదేశీ విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయం దొరకదు. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ, బర్కిలీ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ రాష్ట్రం వారు కానివారు ఏడాదికి 30,000 డాలర్లకు పైగా అదనంగా కట్టాలి. కాబట్టి కేవలం ఆట మీద ఆధారపడి ప్రణాళిక వేసుకోవద్దు. అయితే మీరు రేపు పై చదువుకు అమెరికా వెళితే, అక్కడి విశ్వవిద్యాలయంలో వాటర్‌పోలో క్లబ్బు ఉందేమో వాకబు చేయండి. పరాయి దేశంలో మొదటి స్నేహితులు దొరికేది చాలాసార్లు ఇలాంటి చోటే. ఇక్కడే చదువుకునేవారు మీ కళాశాల క్రీడా విభాగాన్ని అడిగి, విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలు ఎప్పుడో తెలుసుకోండి. రైల్వేలలోనూ రక్షణ దళాలలోనూ క్రీడాకారుల కోటాలో ఉద్యోగాలున్న సంగతి గుర్తుంచుకోండి.

కళాశాల తరువాత?

కళాశాల చదువు ముగిసిన తరువాత ఈ ఆటను వృత్తిగా చేసుకునేవారు బహు కొద్దిమంది. అమెరికాలో ఈ ఆటకు స్థిరమైన వృత్తి లీగు లేదు. జాతీయ జట్టు స్థాయి ఆటగాళ్లు ఇటలీ, హంగరీ, స్పెయిన్, గ్రీస్ క్లబ్బుల్లో ఆడతారు. ఒలింపిక్స్‌లో మూడుసార్లు వరుసగా, 2012, 2016, 2021లలో, అమెరికా మహిళలు బంగారం గెలిచారు. 2024లో పారిస్‌లో అమెరికా పురుషులు కాంస్యం గెలిచారు. ఆ స్థాయికి చేరేవారు పదుల సంఖ్యలోనే ఉంటారు. మిగిలిన వేలమందీ ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అవుతారు. కొందరు కోచ్‌లుగా, రిఫరీలుగా ఆటకు దగ్గరగా ఉంటారు.

సారాంశం

విద్యార్థులారా! ఈ పాఠంలో చూసిన అంకెలన్నీ ఒకే విషయం చెబుతున్నాయి. వాటర్‌పోలో ఒక కుటుంబం కళాశాల ఖర్చును పూర్తిగా భరించడం అరుదు. కానీ అది మంచి కళాశాల తలుపు తెరవగలదు, చదువు సాగినంతకాలం శరీరానికీ మనసుకూ బలమివ్వగలదు. ఆటను తాళంచెవిలా చూడండి, డబ్బు సంచిలా కాదు. కళాశాలను ఎంచుకునేటప్పుడు ముందు చదువు, తరువాత ఖర్చు, ఆ తరువాత జట్టు. ఈ వరుస తారుమారు కానివ్వకండి.

ఈసారి అమెరికా నుంచి మీ పిన్నిగారో మేనమామగారో ఫోను చేసి "ఫీజంతా వాళ్లే కడతారట" అంటే, మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "ఎంత భాగం, ఎన్నేళ్లకు, గాయమైతే ఏమిటి?" ఆ ప్రశ్న మీ మేనకోడలికో పిన్ని కొడుక్కో చేసే మేలు చాలా పెద్దది.

ఆలోచించండి

1. ఒక జట్టుకు 8 స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. 16 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఖర్చులో ఎంత శాతం వస్తుంది?

2. మొదటి విభాగంలో చిన్న క్రీడా స్కాలర్‌షిప్పు, మూడవ విభాగంలో పెద్ద విద్యా స్కాలర్‌షిప్పు: రెండూ వస్తే మీరు దేన్ని ఎంచుకుంటారు? ఎందుకు?

3. మీ జిల్లాలో ప్రజలందరికీ అందుబాటులో ఉన్న ఈతకొలనులు ఎన్ని? ఒక ఆట ఒక ప్రాంతంలోనే ఎదగడానికీ ఇటువంటి వసతులకూ ఉన్న సంబంధం ఏమిటి?